ఊరి సర్కారు బడికి అప్పు పైసలతో బిల్డింగ్: ప్రపోజల్ కాడి నుంచి ఆఖరి కిస్తీ దాకా

మా బడికి నాలుగు క్లాస్‌రూములు కావాలె, జెడ్పీ లోన్ తీస్తదా, ఎక్కడ అప్లై చెయ్యాలె, మళ్ల ఆ అప్పు ఎవరు కడ్తరు, ఊరి మీద పడ్తదా... ఈ ప్రశ్నలు నకిరేకల్ దిక్కు నుంచి, అచ్చంపేట దిక్కు నుంచి, గద్వాల దిక్కు నుంచి వస్తనే ఉన్నయి. ముక్కలు ముక్కలుగ జవాబు చెప్తే ఎవరికీ అక్కరకొస్తలేదు, అందుకే ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలెనో మొత్తం ఒక్క కాడ రాస్తున్న. హెడ్‌మాస్టర్లు, ఎస్‌ఎంసీ (బడి నిర్వహణ కమిటీ) మెంబర్లు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ఉన్న అక్కలు, సర్పంచులు, బడి కోసం తిరిగే పోరగాళ్లు, ఇది మీకే.

1. అప్పు చేసేది ఎవరో ముందుగాల తేల్చుకోండి

బడి అప్పు చెయ్యదు. ఎస్‌ఎంసీ చెయ్యదు. బోర్డు మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని ఉన్నా బిల్డింగ్ కోసం బ్యాంకుకు పోయి సంతకం పెట్టేది జెడ్పీ కాదు. మన తెలంగాణల టీచర్ల జీతాలు, పెద్ద పనుల పైసలు రాష్ట్ర ఖజానా నుంచే వస్తయి, కాబట్టి అప్పు తీసేది రాష్ట్రం, కట్టేది కూడా రాష్ట్రమే. రాష్ట్రాలు అప్పు తీసుకునే అధికారం రాజ్యాంగం 293వ ఆర్టికల్ల ఉన్నది, కేంద్రానికి పాత బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం ఒప్పుకోలు తీసుకోవాలె అని కూడా అండ్లనే ఉన్నది.

రాష్ట్రానికి అప్పు వచ్చే దారులు నాలుగు అనుకోండి. ఆర్‌బీఐ వేలం ద్వారా బాండ్లు అమ్ముడు, కేంద్రం 2020-21 నుంచి ఇస్తున్న 50 ఏండ్ల మిత్తి లేని లోన్లు, కార్పొరేషన్ల పేరు మీద తీసేవి, నాబార్డ్ (గ్రామీణాభివృద్ధి బ్యాంకు) ఇచ్చేవి. కార్పొరేషన్ పేరు మీద తీసి రాష్ట్ర బడ్జెట్ల నుంచి కట్టే అప్పును కూడా 2022 నుంచి కేంద్రం రాష్ట్రం అప్పు చేసుకునే లిమిట్లనే లెక్కవెడ్తున్నది, అందుకే ఆ దారి ఇప్పుడు ఇరుకైంది.

ఊర్ల బడికి అన్నిట్ల అక్కరకొచ్చేది నాబార్డ్ వాళ్ల గ్రామీణ మౌలిక వసతుల నిధి, అంటే ఆర్‌ఐడీఎఫ్. ఎందుకంటే ఇది ఫలానా ఊర్ల ఫలానా పని అని పేరు పెట్టి మంజూరు అయ్యే అప్పు. బాండ్ల పైసలు ఏ పనికి పోయినయో పట్టుకునుడు కష్టం, ఆర్‌ఐడీఎఫ్‌ల మీ బడి పేరు లిస్టుల ఉంటది, అడగొచ్చు. పంచాయతీరాజ్ సంస్థల ప్రాజెక్టులు కూడా ఇండ్ల చెల్లుతయి గాని రాష్ట్ర ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ ద్వారానే పోవాలె, నేరుగా నాబార్డ్ ఆఫీసుకు అప్లికేషన్ పట్టుకపోతే తీసుకోరు.

2. అప్పు అవసరం లేని పనులు పక్కకు తియ్యండి

నా గట్టి మాట ఇది: అప్పు తీరేదాకా నిలవని వస్తువును అప్పు పైసలతో అడగొద్దు. ఏడేండ్లు కట్టే అప్పుతో రెండేండ్లల్ల పోయే సున్నం, ఫ్యాన్లు, కుళాయిలు ఎందుకు. క్లాస్‌రూము, స్లాబు, కాంపౌండ్ వాల్, టాయిలెట్ బ్లాకు, ఇవి అప్పు పనులు. మిగిలినయి గ్రాంటు పనులు.

గ్రాంటు దారులు ముందు చూసుకోండి:

– సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి ఖర్చులకు ఏటా వచ్చే పైసలు. పిల్లలు 30 లోపు ఉంటే ఏడాదికి 10 వేలు, 100 దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు, 1000 దాకా 75 వేలు, ఆపైన లక్ష. చిన్న రిపేర్లు, కరెంటు, చాక్‌పీసులు ఇండ్ల నుంచే. మార్చి దాకా ఆగకండి, ఖర్చు పెట్టనీకి ఇచ్చిన లిమిట్ల మిగిలింది మార్చి 31 దాటితే చేతిల ఉండదు.
– తాగునీళ్లు, టాయిలెట్ల రిపేరు, కరెంటు లాంటి చిన్న పనులు 2024ల వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా.
– ఎంపీ నిధులు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, పని సిఫారసు చేసేది ఎంపీ, మంజూరు చేసేది జిల్లా అధికారులు.
– మైనింగ్ ఉన్న కాడ జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్ట్. మేళ్లచెరువు, మఠంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు ఉన్నయి, ఆ ప్రభావిత ఊర్ల బడులకు ఇది పెద్ద దారి, చదువు ఆ ఫండుల మొదటి వరుస రంగాలల్ల ఒకటి.
– కంపెనీల సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే పైసలు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద అర్హత ఉన్న కంపెనీ మూడేండ్ల సగటు లాభంల 2 శాతం పెట్టాలె, విద్య ఆ జాబితాల ఉన్నది.

ఇవన్నీ తీసేసినంక మిగిలిన పని ఏదో అదే అప్పు ప్రపోజల్. లిస్టు చిన్నగ ఉంటది, అదే మంచిది. ఇరవై ఐటెంలు రాసిన ప్రపోజల్ కంటే నాలుగు రూములు, ఒక టాయిలెట్ బ్లాకు అని రాసిన ప్రపోజల్‌ను పై ఆఫీసుల ఎవలైనా చదువుతరు.

3. భూమి కాయిదాలు: ఫైలు ఆగేది ఇక్కడనే

ఇక్కడ ఎక్కువ రాస్తున్న, ఓపికగ చదవండి. మంజూరు వచ్చి, కాంట్రాక్టర్ వచ్చి, ముగ్గు పోసినంక ఒకాయన వచ్చి ఈ జాగ మాది అంటే ఇగ ఆ పని కోర్టు కాడనే ఉంటది.

మన దిక్కు బడి జాగలు ఎక్కువ దాతలు ఇచ్చినయే. అనుకోండి, ఒక పెద్దమనిషి అప్పట్ల ఇరవై గుంటలు నోటి మాటతో ఇచ్చిండు. ఊరంత సాక్ష్యం. కాని పహాణీల (రెవెన్యూ రికార్డుల) ఆయన పేరే నడిచింది, ఆయన పోయినంక పాస్‌బుక్కు కొడుకుల పేరు మీదికి వచ్చింది, ఆ ఇరవై గుంటలు కూడా అండ్లనే కలిసిపోయినయి. కొడుకులు మంచోళ్లే అయినా మనుమల కాలానికి రోడ్డు పక్క జాగ రేటు చూసి మాట మారుతది. స్థిరాస్తి దానం రిజిస్టర్ అయితేనే చెల్లుతది, అది ఆస్తి బదిలీ చట్టంల ఉన్న రూలు. అందుకే వాళ్లు ఒప్పుకునే రోజులల్లనే గిఫ్ట్ డీడ్ చేపియ్యండి. హెడ్‌మాస్టర్ సొంత పేరు మీద కాదు, సంస్థ పేరు మీద, ఏ సంస్థ పేరు రాయాల్నో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుల ముందే రాతపూర్వకంగ అడిగి తీసుకోండి. ఊర్ల పెద్దమనుషులను తోలుకపోయి ఆ ఇంట్ల కూసొని మాట్లాడుడు తహసీల్దార్ నోటీసు కంటే బాగ పని చేస్తది, దాత పేరు బిల్డింగ్ మీద రాపిస్తం అని తీర్మానంల పెట్టండి, అది వాళ్ల హక్కు కూడా.

రెండోది శిఖం భూమి, అంటే చెరువు, కుంట నీళ్లు నిలిచే జాగ. కుంట పక్క జాగ ఖాళీగ ఉన్నది కదా అని బడి కట్టిన ఊర్లు ఉన్నయి. ఎండాకాలం చూస్తే మైదానం లెక్కనే కనపడ్తది, వాన పడితే నీళ్లు అక్కడికే వస్తయి. ఎఫ్‌టీఎల్ (కుంట నిండితే నీళ్లు వచ్చే) హద్దు ఎక్కడిదాకా ఉందో ఇరిగేషన్ వాళ్లతోని రాయించుకోకుండ ఎస్టిమేటు చేపియ్యకండి.

మూడోది, మీ ఊరు ఇంకా పంచాయతీనేనా? మున్సిపాలిటీల కలిసిన ఊర్లు మన జిల్లాలల్ల చానా ఉన్నయి. ఆర్‌ఐడీఎఫ్ గ్రామీణ పనుల కోసం, బడి పేరుల మండల పరిషత్ అని పాత బోర్డు ఉన్నా జాగ మున్సిపల్ వార్డుల ఉంటే ముందే చెప్పి వేరే దారి చూసుకోవాలె.

భూమి చెక్‌లిస్టు:

– సర్వే నంబరు, విస్తీర్ణం, నక్షా కాపీ
– తహసీల్దార్ ఇచ్చిన భూమి స్వభావం సర్టిఫికెట్: గ్రామకంఠమా, సర్కారుదా, పట్టానా
– మండల సర్వేయర్ కొలిచి పాతిన హద్దురాళ్లు, ఫోటోలు
– గిఫ్ట్ డీడ్ ఒరిజినల్, రెండు జిరాక్సులు, ఒరిజినల్ ఎవరి కాడ ఉందో రిజిస్టర్ల రాసుడు
– కుంట, వాగు, పైన పోయే కరెంటు లైను గురించి సంబంధిత ఆఫీసు లెటర్
– కోర్టు కేసు లేదని ధ్రువీకరణ

4. బడి లెక్కలు, తీర్మానం

యూడైస్ (అన్ని బడుల లెక్కలు ఎక్కే సర్కారు రికార్డు) నంబర్లు చూసే పై ఆఫీసుల నిర్ణయం జరుగుతది. మీరు లెటర్ల నాలుగు రూములు తక్కువ అని రాసి, యూడైస్‌ల పోయిన ఏడాది ఎవరో నింపిన ఎంట్రీల రూములు సరిపోయినయి అని ఉంటే ఫైలు అక్కడనే ఆగుతది. పాత కూలిపోయే రూములు వాడుకంల ఉన్నట్టు ఎంట్రీ ఉండుడు అన్నిట్ల కామన్ తప్పు. ఇంజినీర్‌తోని శిథిలం అని సర్టిఫికెట్ తీసుకొని, అప్పుడు యూడైస్ సరి చేపియ్యండి, తర్వాతనే ప్రపోజల్.

ఎన్ని రూములు అడగాలె అన్నది కోరికతోని కాదు, విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌తోని లెక్క కట్టండి. టీచర్‌కు ఒక క్లాస్‌రూము, ఆఫీసు-స్టోర్-హెచ్‌ఎం కలిపి ఒక రూము, ఆడపిల్లలకు మగపిల్లలకు వేరేవేరే టాయిలెట్లు, ర్యాంపు, తాగునీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ. అదే చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఎస్‌ఎంసీ బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాలె, సర్కారు గ్రాంట్లకు అదే ఆధారం అని చట్టంలనే ఉన్నది. మీ ప్రపోజల్ వెనక ఆ ప్రణాళిక కుట్టి ఉంటే మాట బలంగ ఉంటది.

తీర్మానంల ఉండాల్సినయి: తేదీ, హాజరైన వాళ్ల సంతకాలు, ఏ పని, ఎందుకు, పిల్లల సంఖ్య మూడేండ్లది, జాగ వివరం, పని నడిచేటప్పుడు క్లాసులు ఎక్కడ నడుపుతరో. ఆఖరుది చానా మంది రాయరు. కమ్యూనిటీ హాలా, పంచాయతీ బిల్డింగా, రెండు షిఫ్టులా, ముందే రాయండి, లేకపోతే పాత రూములు కూలగొట్టినంక పిల్లలు చెట్టుకింద కూసుంటరు, రెండు నెలలల్ల పక్క ఊరి ప్రైవేటు బస్సు ఎక్కుతరు, బిల్డింగ్ వచ్చేసరికి పిల్లలు ఉండరు.

5. ఎస్టిమేటు

ఇది ఇంజినీర్ పని, కాని మీరు పక్కన నిలబడాలె. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వచ్చినప్పుడు మూడు విషయాలు చూపెట్టండి.

నేల. దేవరకొండ, కల్వకుర్తి దిక్కు ఎర్ర చెలక, రాతి నేల ఎక్కువ, ఆలంపూర్ దిక్కు నల్లరేగడి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతది, ఎండితే పగులుతది, మామూలు పునాది లెక్క రాస్తే రెండో ఏడాదికే గోడలు బీటలు వారుతయి. ఒకే మోడల్ డ్రాయింగ్ అన్ని బడులకు పెడ్తరు, పునాది మాత్రం మీ నేల ప్రకారం రాయాలె, గుంత తవ్వించి చూపెట్టండి.

దూరం. ఇసుక, కంకర ఎక్కడి నుంచి వస్తయో ఆ దూరం ఖర్చు ఎస్టిమేటుల ఉంటది, దాన్ని లీడ్ అంటరు. నల్లమల అంచు ఊర్లకు లీడ్ తక్కువ రాస్తే టెండర్‌కు ఎవరూ రారు.

పన్నులు. జీఎస్టీ, ఒక శాతం లేబర్ సెస్ కలిపిండ్రా చూడండి. ఇవి మర్చిపోతే మధ్యల పైసలు సాలవు, సవరించిన ఎస్టిమేటు అని మళ్ల మొదటి మెట్టు కాడికే.

ఎస్టిమేటు కాపీ ఒకటి బడిల ఉంచుకోండి. తర్వాత తగాదా వస్తే ఆ కాయిదమే మాట్లాడుతది.

6. ఫైలు పోయే దారి

హెడ్‌మాస్టర్ నుంచి ఎంఈఓ (మండల విద్యాధికారి), అక్కడి నుంచి డీఈఓ, కలెక్టర్, హైదరాబాద్‌ల విద్యాశాఖ, ఆ తర్వాత ఫైనాన్స్, అక్కడి నుంచి నాబార్డ్ ప్రాంతీయ కార్యాలయం. ఒక్క బడి ఫైలు ఒంటరిగ పోదు, చానా బడులు కలిపి ఒక ప్రాజెక్టు లెక్క డీపీఆర్ (పూర్తి వివరాల ప్రాజెక్టు రిపోర్టు) తయారైతది. నాబార్డ్ వాళ్లు పరిశీలించి వాళ్ల సాంక్షన్ కమిటీల పెడ్తరు, మంజూరు లెటర్ రాష్ట్రానికి వస్తది, షరతులకు రాష్ట్రం ఒప్పుకోవాలె.

ఇండ్ల మీరు చెయ్యగలిగేది ఒక్కటే, ప్రతి మెట్టు కాడ ఇన్‌వార్డ్ నంబరు, తేదీ రాసుకునుడు. ఇచ్చినం సార్ అంటే ఎవరూ వెతకరు, ఫలానా తేదీ ఫలానా నంబరు అంటే వెతుకుతరు. కదలకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు అర్జీ) పెట్టండి, 30 రోజులల్ల జవాబు రావాలె. ఆర్టీఐల ఎందుకు లేట్ అయింది అని అడగకండి, ఈ నంబరు ఫైలు మీద నేటి దాకా రాసిన నోట్ కాపీలు ఇయ్యండి అని అడగండి.

7. పైసలు ఎట్ల వస్తయి

చానా మంది నాబార్డ్ పైసలు ఒక్కసారి బడి అకౌంట్ల పడ్తయి అనుకుంటరు. కాదు. ఆర్‌ఐడీఎఫ్‌ల బడి లాంటి సామాజిక రంగం పనులకు మన లాంటి మైదాన ప్రాంతాలల్ల ప్రాజెక్టు ఖర్చుల 85 శాతం దాకా అప్పు, మిగిలింది రాష్ట్రం వాటా. మొదలు పెట్టుకోనీకి 20 శాతం అడ్వాన్స్ రాష్ట్రానికి వస్తది. ఆ తర్వాత మొత్తం రీయింబర్స్‌మెంటే: రాష్ట్రం ముందు ఖర్చు పెట్టాలె, లెక్క చూపెట్టాలె, అప్పుడు నాబార్డ్ ఇస్తది.

దీని అర్థం మీరు బాగ పట్టుకోవాలె. కాంట్రాక్టర్ బిల్లు వచ్చేది రాష్ట్ర ట్రెజరీ నుంచి. ఏఈ కొలత రాసి, ఆయన పై ఇంజినీర్ డీఈ చెక్ చేసి, బిల్లు పోయి టోకెన్ (ట్రెజరీ వరుస నంబరు) పడ్డా పైసలు పడేదాకా టైం పట్టొచ్చు. అక్కడ పని ఆగితే ఖర్చు ఆగుతది, ఖర్చు ఆగితే తర్వాతి డ్రాయల్ (నాబార్డ్ నుంచి తీసుకునే విడత) ఆగుతది, మంజూరైన ప్రాజెక్టుకు గడువు ఉంటది, ఆ గడువు కరిగిపోతది.

8. పని నడిచేటప్పుడు

కొలతలు ఎం-బుక్‌ల (ఇంజినీర్ల కొలతల పుస్తకంల) ఎక్కుతయి, బిల్లు దాని మీదనే. కాంక్రీటు పోసినంక లోపల ఎంత కడ్డీ ఉందో ఎవరూ చూడలేరు, కాబట్టి కడ్డీ కట్టినంక, పొయ్యకముందు ఏఈ వచ్చి కొలవాలె. ఆ రోజు కమిటీ నుంచి ఇద్దరు అక్కడ ఉండండి. టేపు కడ్డీల మీద పెట్టి, ఒక కడ్డీకి ఇంకో కడ్డీకి మధ్య ఎంత సందు ఉందో కనపడేటట్టు ఫోటో తియ్యండి, అదే సందు డ్రాయింగ్‌ల ఎంత రాసిందో పక్కన పట్టి చూడండి. కింద కవర్ బ్లాకులు (కడ్డీని లేపి ఉంచే ముక్కలు) పెట్టిండ్రా, లేక కడ్డీ సెంట్రింగ్ రేకు మీదనే పడుకున్నదా, వంగి చూస్తే కనపడ్తది. ఇది చూసేతందుకు ఇంజినీరింగ్ చదువు అక్కర లేదు.

స్లాబు పోసినంక క్యూరింగ్. పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటు అయితే కనీసం 10 రోజులు తడి ఆరొద్దు. మన ఎండలకు పొద్దున ఒకసారి పైపు పట్టి పోతే సాలదు, మడులు కట్టి నీళ్లు నింపాలె. దీనికి ఒక మనిషిని పెట్టి ఆయన పేరు రిజిస్టర్ల రాయండి.

వారం వారం చెక్‌లిస్టు:

– పని ఎంత దాకా వచ్చిందో నాలుగు మూలల నుంచి ఫోటో, తేదీతో
– సిమెంటు బస్తాల మీద తయారీ వారం
– కాంక్రీటు బలం చూసే క్యూబులు తీసిండ్రా, టెస్ట్ రిపోర్టు వచ్చిందా
– ఎం-బుక్‌ల కొత్త ఎంట్రీ తేదీ
– బిల్లు పోయిందా, టోకెన్ నంబరు ఎంత

9. తిరిగి కట్టుడు: లెక్క ఇట్ల ఉంటది

ఆర్‌ఐడీఎఫ్ అప్పు తీసుకున్న తేదీ నుంచి ఏడేండ్లల్ల తీరాలె. మొదటి రెండేండ్లు అసలు కట్టే పని లేదు, మిత్తి మాత్రం మూడు నెలలకోసారి కట్టాలె. తర్వాత ఐదేండ్లు అసలు సమానంగ ఐదు కిస్తీలు. మిత్తి రేటు ఆర్‌బీఐ బ్యాంక్ రేటు కంటే ఒకటిన్నర శాతం తక్కువ. ప్రతి డ్రాయల్‌కు దాని ఏడేండ్లు దానికే వేరేగ నడుస్తయి, అందుకే పని లేట్ అయితే ఆఖరి కిస్తీ కూడా అంత లేట్ అయితది.

కోటి రూపాయల బిల్డింగ్, అప్పు 85 లక్షలు, ఒక్కసారే తీసుకున్నట్టు, మిత్తి 5 శాతం అని లెక్క కోసం అనుకుందాం:

– 1వ ఏడాది: మిత్తి 4.25 లక్షలు
– 2వ ఏడాది: మిత్తి 4.25 లక్షలు
– 3వ ఏడాది: అసలు 17 లక్షలు, మిత్తి 4.25 లక్షలు
– 4వ ఏడాది: అసలు 17, మిత్తి 3.40
– 5వ ఏడాది: అసలు 17, మిత్తి 2.55
– 6వ ఏడాది: అసలు 17, మిత్తి 1.70
– 7వ ఏడాది: అసలు 17, మిత్తి 0.85

మొత్తం మిత్తి 21.25 లక్షలు, అంటే 85 తీసుకొని 106.25 లక్షలు కట్టినట్టు. బరువు ఎక్కువ పడేది మూడో ఏడాది. బిల్డింగ్ మూడో ఏడాదికి కూడా పూర్తి కాలేదు అనుకోండి, పిల్లలు ఇంకా రేకుల షెడ్డుల ఉంటరు, మొదట తీసుకున్న పైసలకు కిస్తీ మాత్రం మొదలైతది. పని తొందరగ కావాలె అని నేను మొత్తుకునేది అందుకే.

కట్టకపోతే ఎట్ల అని అడిగేటోళ్లకు: రాష్ట్రం ప్రామిసరీ నోట్లు రాసిస్తది, వాపసు తీసుకోనీకి రాని అధికార పత్రం ఆర్‌బీఐ కాడ రిజిస్టర్ అయి ఉంటది, వాయిదా తప్పితే రాష్ట్ర ఖాతా నుంచే పట్టుకోవచ్చు. మీ పంచాయతీ ఇంటి పన్ను మీద, బడి జాగ మీద తాకట్టు ఏం ఉండదు. ఊరి మీద పడ్తదా అన్న భయం పెట్టుకోకండి.

10. కమిటీలు చేసే తప్పులు, సరి చేసుకునే తీరు

అన్నిట్ల పెద్ద తప్పు: బిల్లు వస్తది కదా అని కమిటీ చైర్మనో, హెడ్‌మాస్టరో సొంతంగ అప్పు తెచ్చి పని నడిపించుడు. నూటికి రెండు రూపాయల మిత్తికి 5 లక్షలు తెస్తే నెలకు 10 వేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. అంటే 24 శాతం. ఈ మిత్తిని ఏ సర్కారు లెక్కల రాసుకోదు, బిల్లుల ఒక్క రూపాయి కలవదు. భార్య పుస్తెలతాడు కుదువ పెట్టి బడి స్లాబు పోయించిన మనుషుల గోస మన జిల్లాలల్ల తెలియంది కాదు. అట్ల చెయ్యకండి. ఇప్పటికే తెచ్చి ఉంటే ఈ వరుసల పోండి: ఎం-బుక్‌ల అయిన పని మొత్తం ఎక్కిందా చూడండి, ఎక్కని దానికి ఏఈకి రాతపూర్వకంగ లెటర్ ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి, ఎక్కిన బిల్లుల టోకెన్ నంబర్లు పట్టుకొని కలెక్టర్ ప్రజావాణిల ఇయ్యండి, ఆ బిల్లు వచ్చేదాకా తర్వాతి దశ మొదలు పెట్టకండి.

గ్రాంటు పైసలు, అప్పు ప్రాజెక్టు పైసలు ఒకే పనికి రెండు దిక్కుల రాసుడు ఇంకో తప్పు. ఒకే టాయిలెట్ బ్లాకు రెండు స్కీముల కనపడితే ఆడిట్‌ల రెండూ ఆగుతయి. ముందే పని ముక్కలు చెయ్యండి: గోడలు, స్లాబు ఒక దాంట్ల, నీళ్ల కనెక్షన్ ఇంకో దాంట్ల, ఎస్టిమేటుల అట్లనే రాయించండి.

యూసీ (పైసలు ఖర్చైనట్టు ఇచ్చే సర్టిఫికెట్) ఆలస్యం. పని అయిపోయినంక అందరూ సంబురంల ఉంటరు, పూర్తయిన రిపోర్టు ఎవరూ పంపరు. ప్రాజెక్టు కంప్లీషన్ రిపోర్టు పోనిది ఆ ప్రాజెక్టు కాయిదాల మీద ముగియదు. అగ్రిమెంటుల డిఫెక్ట్ లయబిలిటీ ఎన్ని రోజులో అది కూడా రాసుకోండి, ఆ లోపల స్లాబు కారితే కాంట్రాక్టరే సరి చెయ్యాలె, లెటర్ పెట్టండి.

హెడ్‌మాస్టర్ ట్రాన్స్‌ఫర్ అయితే ఫైలు మాయమయ్యే బడులకు ఒక్క మాట: గిఫ్ట్ డీడ్, ఎస్టిమేటు, లెటర్లు, ఫోటోలు ఒక బాక్సు ఫైలుల పెట్టి, చార్జి అప్పగించే లిస్టుల దాన్ని మొదటి ఐటెంగ రాయండి.

11. అమెరికాల, ఇంగ్లండ్‌ల ఉన్నోళ్లు అడిగేదానికి

మా కాడ స్కూల్ డిస్ట్రిక్టే బాండ్లు అమ్మి అప్పు తీసుకుంటది, మన జెడ్పీ ఎందుకు చెయ్యదు అని టెక్సస్‌ల ఉన్న మనోళ్లు అడుగుతరు. తేడా ఆదాయంల ఉన్నది. అక్కడ స్కూల్ డిస్ట్రిక్టుకు సొంత ప్రాపర్టీ ట్యాక్స్ ఉన్నది, బాండ్ కోసం ఓటింగ్ పెడ్తరు, గెలిస్తే ఆ అప్పు కట్టేతందుకే ట్యాక్స్‌ల ఒక భాగం వేరేగ వసూలైతది. జీతాల భాగం వేరు, అప్పు భాగం వేరు. కొత్త అప్పు తీసేటప్పుడు ఆ భాగం 100 డాలర్ల విలువకు 50 సెంట్లు దాటొద్దు అని టెక్సస్ రూలు, బ్యాలెట్ మీద ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు అని కూడా ముద్రించాలె.

మీరు అక్కడ ఓటు వేసేముందు మూడు చూడండి: ఎన్నేండ్ల అప్పు, మొత్తం కట్టేది ఎంత, మొదటి కిస్తీ ఎప్పుడు. మూడోది ఎందుకంటే, కాలిఫోర్నియాల పోవే అనే డిస్ట్రిక్టు 2011ల 10.5 కోట్ల డాలర్లు తీసుకొని మొదటి 20 ఏండ్లు ఏం కట్టకుండ బాండ్లు అమ్మింది, చివరికి కట్టాల్సింది దగ్గరదగ్గర 100 కోట్ల డాలర్లు అయింది. 2013ల ఆ రాష్ట్రం చట్టం తెచ్చి ఇసొంటి బాండ్లకు 25 ఏండ్ల గడువు, అసలుకు నాలుగింతలు దాటని లిమిట్ పెట్టింది.

ఇంగ్లండ్‌ల స్థానిక కౌన్సిళ్లు సర్కారు లోన్ల సంస్థ నుంచి తీసుకుంటయి. కట్టే తీరు మూడు రకాలు: అసలు సమానంగ పంచుడు, ప్రతిసారి ఒకే మొత్తం కట్టుడు, ఆఖరుకు ఒక్కసారే అసలు కట్టుడు. మన ఆర్‌ఐడీఎఫ్ మొదటి రకం. మూడిట్ల దీనికే మొత్తం మిత్తి తక్కువ.

12. కట్టిండ్రా లేదా అని చూసే కాడ

కాగ్ (సర్కారు లెక్కలు ఆడిట్ చేసే సంస్థ) ప్రతి ఏడాది రాష్ట్రం ఫైనాన్స్ అకౌంట్స్ పెడ్తది, వాళ్ల వెబ్‌సైట్‌ల ఫ్రీగ ఉంటయి. అండ్ల 17వ స్టేట్‌మెంట్ అప్పుల వివరం. 6003 మేజర్ హెడ్ (పెద్ద పద్దు) కింద 105 మైనర్ హెడ్ (చిన్న పద్దు) నాబార్డ్ అప్పులు: ఏడాది మొదట్ల ఎంత బాకీ, కొత్తగ ఎంత తీసుకున్నరు, ఎంత కట్టిండ్రు, ఆఖరుకు ఎంత మిగిలింది. మిత్తి 2049 హెడ్ కింద ఉంటది. బడుల బిల్డింగులకు అయిన ఖర్చు 4202 కింద. ఈ మూడు పక్కపక్కన పెట్టి చూడండి.

మీ బడి ఏ ట్రాంచిల (ఆర్‌ఐడీఎఫ్ ఏడాది విడతల) ఉన్నదో తెలుసుకోవాలంటే మంజూరు లెటర్‌ల ఆర్‌ఐడీఎఫ్ పక్కన రోమన్ అంకె చూడండి, 1995-96ది మొదటిది, ఏడాదికి ఒకటి చొప్పున పెరుగుతది, 2024-25ది 30వది. ఆ అంకె, మంజూరు తేదీ, మీ బడి యూడైస్ కోడు, ఈ మూడు తీర్మానాల రిజిస్టర్ మొదటి పేజీల రాసి పెట్టుకోండి, ఏ ఆఫీసుకు పోయినా ముందు అడిగేది అవే.